ఏడో సంచి

నా సోల్డరింగుకు ఎవరైనా వంక పెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ కథ నడిచిన రెండు నెలల్లో నేను కోపంగా లేని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హనుమకొండ చౌరస్తాలో పన్నెండేళ్లు రేడియోలు బాగుచేశాను. నేను వేసిన టంకం ఊడిందని తిరిగొచ్చిన రేడియో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ పేరు వినే కాజీపేట దగ్గర కొత్తగా పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు నన్ను పిలిచి, ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంటులో మెకానిక్ ఉద్యోగం ఇచ్చారు. నా పేరు యాదగిరి. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా అక్కడ నన్ను యాదగిరన్నా అనే పిలిచేవారు.

అలా పిలిచేవాళ్లలో రాంచందర్ సార్ ఒకడు. మా డిపార్ట్‌మెంటులో లెక్చరర్. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. వరంగల్ మార్కెట్‌లో, అదే గంజ్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే మిర్చి అడ్తి దుకాణం నడిపే వెంకట్రాజం సేటు కొడుకు. దుకాణంలో కూర్చోకుండా కరెంటు చదువు చదివాడు గానీ, గంజ్ మాత్రం ఆయన తలలోంచి పోలేదు. అందుకే పరిశోధనకు కూడా మిరపకాయలనే పట్టుకున్నాడు.

గంజ్‌లో పొద్దున లేస్తే ఒకటే లొల్లి. కాయ ఎండిందని రైతు అంటాడు, ఇంకా తడి ఉందని కొనేవాడు అంటాడు. మధ్యలో సాక్ష్యం చెప్పే దిక్కు లేదు. ఆ సాక్ష్యం కరెంటుతో చెప్పించాలని సార్ ఆలోచన. ఒక ఇత్తడి గొట్టంలో ఇంకో ఇత్తడి గొట్టం నిలబెట్టి, మధ్య సందులో తూచిన మిరపకాయలు పోసి కరెంటు ఇస్తే, కాయలో ఎంత తడి ఉంటే మీటరు ముల్లు అంత దూరం జరగాలి. గొట్టాలు గుళ్లకు ఇత్తడి సామాన్లు చేసే పెంబర్తిలో చేయించాం. చేసినాయన చివరిదాకా ఇవి ఏ గుడికని అడుగుతూనే ఉన్నాడు. వాల్వులూ వైర్లూ ఉన్న డబ్బా మాత్రం పూర్తిగా నా చేతి పని.

ముల్లు చెప్పేది నిజమో కాదో తెలియడానికి ఇంకో ఏర్పాటు ఉండేది. అవే కాయలను తూచి, ఓవెన్‌లో ఐదారు గంటలు వేడిచేసి, మళ్లీ తూచేవాళ్లం. ఎంత బరువు తగ్గితే అంత నీళ్లు పోయినట్టు. చెప్పడానికి తేలికే. మిరపకాయలను ఓవెన్‌లో పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు కదా. మెషిన్స్ ల్యాబ్ వెనకున్న మా చిన్న గదిలోంచి ఘాటు బయల్దేరి వరండా దాటి, మెట్లెక్కి, పైన క్లాసుల్లోకి పోయేది. ట్రాన్స్‌ఫార్మర్ల మీద పాఠం చెప్తున్న హెడ్డు రాజేశ్వర్ రావు గారు ఒకరోజు తుమ్ముతూ దిగొచ్చాడు.

“ఏమయ్యా రాంచందర్, ఇది ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంటా, కారం పట్టే గిర్నీయా?”

“ఇంకొన్ని రోజులే సార్. గ్రాఫు వస్తే అయిపోతది.”

“వస్తే మంచిదే. రాకపోతే మాత్రం ఈ గది నాకు కావాలె. కొత్త మోటారు సెట్టు వస్తాంది, పెట్టడానికి జాగ లేదు. హైదరాబాదు నుంచి మీ ప్రొఫెసర్ వచ్చే గురువారం వస్తాండు గదా, అప్పటిదాక చూస్త.”

అదీ సంగతి. సార్ పరిశోధనకు దారి చూపే ప్రొఫెసర్ గురువారం కాజీపేటలో రైలు దిగేసరికి గ్రాఫు కాగితం మీద ఒక గీత కనిపించాలి. కనిపించకపోతే గది పోతుంది, గదితో పాటు సార్ పరిశోధన పోతుంది. రెండేళ్ల కష్టం. ఆ మాట విన్నాక సార్ అన్నం సరిగ్గా తినలేదు. చూస్తే నాకు జాలేసింది, నేను కోపంలో ఉన్నా సరే.

నా కోపం ఎందుకో చెప్తాను. కాయలు సార్ వాళ్ల దుకాణం నుంచే వచ్చేవి. పచ్చితనం పోని కాయ నుంచి కరకరలాడే కాయ దాకా, పది రకాల తడి ఉన్నవి పది చిన్న గుడ్డసంచుల్లో పంపమని సార్ తండ్రిని అడిగాడు. ప్రతి వారం పది సంచులు వచ్చేవి. ఒక్కో సంచికి ఒక చీటీ, దాని మీద వెంకట్రాజం సేటు ముత్యాల్లాంటి అక్షరాలతో “తడి”, “సగం తడి”, “ఎండినవి” అని రాసి ఉండేది. మేము పోసేవాళ్లం, ముల్లు చూసేవాళ్లం, తూచేవాళ్లం, తుమ్మేవాళ్లం. చివరికి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే పదికి పదీ ఒకే మూల కుప్పపడేవి. తడి అని రాసి ఉన్నా, ఎండినవని రాసి ఉన్నా ముల్లు ఒకే చోట ఆగేది. ఓవెన్ కూడా అన్నిటికీ ఒకే లెక్క చెప్పేది.

సార్ ముందు వాల్వులను అనుమానించాడు, మార్చాం. తర్వాత వోల్టేజీని అనుమానించాడు. తర్వాత ఓవెన్‌ను, త్రాసును. చివరికి ఒక సోమవారం నా దగ్గరికి వచ్చి తల గోక్కున్నాడు.

“యాదగిరన్నా, ఏమనుకోకు. నీ సోల్డరింగ్ ఏడన్న వదులైందేమో జర చూడవా?”

“మూడుసార్లు చూసిన సార్. మీటరు గట్లనే అంటాంది, ఓవెన్ గట్లనే అంటాంది. రెండు ఒక్క మాట మీద ఉన్నయి గదా. ఇంక తప్పు డబ్బాల ఎట్లుంటది?”

“మరి చీటీలల్ల తడి అని రాసి ఉన్నది గదన్నా.”

“చీటీ రాసినాయన తప్పు రాసిండేమో.”

సార్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “మా బాపు నలభై ఏండ్ల నుంచి కాయ చూస్తాండు. బాపు చెయ్యి తప్పదు” అన్నాడు. మీటరు తప్పొచ్చు, ఓవెన్ తప్పొచ్చు, యాదగిరి టంకం తప్పొచ్చు, బాపు చెయ్యి మాత్రం తప్పదు. ఇంజనీరింగ్ చదివిన మనిషి మాట్లాడే మాటేనా ఇది? మర్నాడు సెలవు పెట్టాను. డబ్బాలో తప్పు లేదని కొడుక్కి మీరైనా చెప్పండని ఆ పెద్దాయన్నే అడుగుదామని వరంగల్ బస్సెక్కాను.

వెంకట్రాజం సేటు గద్దె మీద కూర్చుని పని చేస్తున్నాడు. రైతు బస్తా విప్పితే అడుగు దాకా చెయ్యి పోనిచ్చి, ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు. తర్వాత వేళ్లతో ఒక్కసారి నొక్కి మాట చెప్పేవాడు. ఆ మాట మీద ఎవరూ ఎదురు మాట్లాడలేదు, రైతు గానీ, కొనేవాడు గానీ. అది చూశాక సార్ మీద నా కోపం సగం తగ్గింది. అలాంటి మనిషి ఇంట్లో పెరిగితే నేనూ ఓవెన్‌నే అనుమానించేవాణ్నేమో.

“కాలేజి నుంచి వచ్చినవా యాదగిరీ? మంచిగైంది. ఈ వారం సంచులు నువ్వే తీస్కపో, పైన ఉన్నయి” అని మేడ మెట్లు చూపించాడు.

పైకెళ్లాను. మండుటెండలో మేడ మీద పది చిన్న కుప్పలుగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఒక్కో కుప్ప పక్కన ఒక రాయి, రాయి కింద ఖాళీ గుడ్డసంచి, సంచికి చీటీ. సార్ తల్లి చిలుకమ్మ కొంగు నెత్తిన కప్పుకుని కాళ్లతో కాయలు తిరగేస్తోంది.

“పైలం తమ్మీ, తొక్కేవు. అవి మా పిలగాని మిషన్‌కు పోయే కాయలు.”

“ఎండబెట్టిండ్రేందక్కా?”

“తడి కాయలు ఎట్ల పంపుతం? రెండు దినాలు ఎండల పోసి పంపుమని ఆయన చెప్పిండు. ఏ సంచివి ఆ సంచిలనే పోస్తాన. ఒక్క కాయ గూడ అటిటు కానియ్య.”

నేను మెట్ల మీద కూలబడ్డాను. తర్వాత లేచి, కిందికి దిగి, గద్దె దగ్గర నిలబడి, “సేటూ, మీ కొడుకు తడి కాయలు తడిగనే పంపుమన్నడు గదా” అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది. పక్క దుకాణం వాళ్లు తొంగి చూశారు.

వెంకట్రాజం సేటు నన్ను లోపలికి తీసుకుపోయి, మంచినీళ్లిచ్చి, మెల్లగా చెప్పాడు.

“పంపుమన్నడు, నిజమే. నేను తీసేటప్పుడు తడివే తీసిన. చీటీల అబద్ధం రాయలే. కని కాయలు ఏ దుకాణంల తీసినమో పుస్తకంల అచ్చేస్తం అన్నడు గదా. గా పుస్తకం హైదరాబాదుకు పోతదట, ఢిల్లీకి పోతదట. వెంకట్రాజం దుకాణంల తడి సరుకు దొరికిందని ఢిల్లీల చదువుకోవాల్నా? మా నాయన పెట్టిన దుకాణం. నా పేరు మీద బయటికి పోయిన కాయ ఒక్కటన్న తడిది లేదు ఇయ్యాల్టిదాక.”

“మరి మిషన్‌కు ఏం తెలువాలె సేటూ?”

“మంచి కాయలిస్తె మిషన్ మంచిగ చెప్పదా?”

ఆయన మోసం చేయలేదు. మేలైన సరుకు పంపాడు, ఆయనకు చేతనైనంత శ్రద్ధగా పంపాడు. ఆ శ్రద్ధే మా రెండు నెలలను మింగేసింది. కొడుకు గురువారం సంగతి ఇంట్లో చెప్పలేదట. గది పోతుందని నేను చెప్పగానే సేటు మొహం నల్లబడింది. “నాతోని చెప్పలేదేంది?” అని రెండుసార్లు అడిగాడు, నన్ను కాదు, గోడను.

సాయంత్రం కాలేజీకి వచ్చి సార్‌కు అంతా చెప్పాను. ఆయన గ్రాఫు కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఒకే మూల కుప్పపడ్డ చుక్కలను చూస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకున్నాడు.

“రెండు నెలల నుంచి మీటరు నిజమే చెప్తాంది. ఓవెన్ నిజమే చెప్తాంది. నేనే వినలేదన్నా.”

“సోల్డరింగ్ సంగతి?”

“తప్పైంది. నీ టంకానికి దండం.”

ఒక్కసారే అన్నాడు. నాకు కనీసం మూడుసార్లు రావాల్సి ఉంది, ఎందుకంటే మూడుసార్లు విప్పి అతికించాను.

గురువారం ఉదయం తొమ్మిదింటికి రిక్షాలో వెంకట్రాజం సేటు స్వయంగా దిగాడు. ఉతికిన ధోతి, తలకు రుమాలు, ఒళ్లో పది సంచులు. ఆ పొద్దున గంజ్‌లో విప్పిన బస్తాల్లోంచి, ఎండ తగలనివ్వకుండా, ఉన్నవి ఉన్నట్టు తెచ్చాడు. చీటీలు లేవు. “రాసుడు వద్దు. నేనే ఈడ చూసి చెప్త, మీ మిషన్ గూడ చూసి చెప్పనియ్యి” అన్నాడు. హైదరాబాదు ప్రొఫెసర్ అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పొట్టిగా, కళ్లద్దాలతో, తక్కువ మాట్లాడే మనిషి. ఈ మాట వినగానే ముందుకు వంగాడు. హెడ్డు గారు ముక్కుకు రుమాలు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

నేను సంచుల మీద చాక్‌పీసుతో ఒకటి నుంచి పది దాకా అంకెలు వేశాను. సేటు కాయ తీసి, చెవి దగ్గర ఊపి, మాట చెప్పేవాడు. నేను రాసుకునేవాణ్ని. తర్వాత సార్ కాయలు తూచి గొట్టంలో పోసేవాడు. మొదటి సంచి తడి అన్నాడు సేటు. ముల్లు చకచకా జరిగి కుడివైపు చివరికి కాస్త ఇవతల ఆగింది. రెండు నెలల్లో ఆ ముల్లు అంత దూరం పోవడం మేము చూడలేదు. సార్ నా భుజం పట్టుకున్న పట్టుకు నొప్పి పుట్టింది. రెండోది ఎండింది అన్నాడు, ముల్లు లేవనే లేదు. మూడు, నాలుగు, ఐదు, ఆరు, అన్నీ ఆయన మాట ఎలా ఉంటే ముల్లు అలాగే. ప్రొఫెసర్ ఇద్దరినీ, అంటే సేటునూ మీటరునూ, మార్చి మార్చి చూస్తూ సంబరపడుతున్నాడు.

ఏడో సంచి. సేటు ఊపాడు, నొక్కాడు. “ఎండింది” అన్నాడు. సార్ పోశాడు. ముల్లు జరగడం మొదలుపెట్టి, తడి అన్న మొదటి సంచి దగ్గర కూడా ఆగకుండా దాటిపోయింది.

నిజం చెప్తాను, నాకు మొదట వచ్చిన ఆలోచన నా టంకం గురించే. సేటు ఇంకో కాయ తీసి ఊపాడు. బయటికి వినిపించేటంత గలగల. “ఎండిందే” అన్నాడు మళ్లీ.

ప్రొఫెసర్ సార్ వైపు తిరిగాడు. “ఏమంటావు రాంచందర్? ఎండిందా, తడా? ఓవెన్ చెప్పకముందే చెప్పు.”

సార్ చేతులు వణికాయి. తండ్రిని చూడలేదు, ముల్లును చూశాడు. “తడి, సార్” అన్నాడు.

మిగిలిన మూడు సంచులకూ సేటు మాటా ముల్లూ మళ్లీ కలిశాయి. తూచి, పదినీ ఓవెన్‌లో పెట్టాం. ఇంక సాయంత్రం నాలుగింటి దాకా అందరికీ దగ్గే పని. డిపార్ట్‌మెంటు మొత్తం దగ్గింది, ఒక్క వెంకట్రాజం సేటు తప్ప. ఆయన వరండాలో కూర్చుని, ఏడో సంచిలో మిగిలిన కాయలను ఒక్కొక్కటే విరిచి చూస్తున్నాడు. మూడింటప్పుడు నన్ను పిలిచి ఒక కాయ చూపించాడు. తోలు మందం. గింజలు విడిపోయి పొడిగా ఉన్నాయి, అందుకే ఆ గలగల. తొడిమ దగ్గర లోపలి తెల్లటి కండ మాత్రం మెత్తగా, తడిగా ఉంది. “కొత్త రకం విత్తనం యాదగిరీ. ఈ ఏడే వస్తాంది. నా చెవికి తెల్వదు” అన్నాడు.

నాలుగింటికి ఓవెన్‌లోంచి తీసి నేను తూచాను. అన్నిటికంటే ఎక్కువ బరువు పోయింది ఏడో సంచికే. ప్రొఫెసర్ హెడ్డు గారి గదిలో టీ తాగుతున్నాడు. పట్టిక రాసి, గ్రాఫు గీసి పట్టుకుని రమ్మని కబురు వచ్చింది. సార్ బల్ల దగ్గర కూర్చుని గబగబా రాశాడు. చుక్కలు పెడితే ఈసారి కుప్ప లేదు, మూల నుంచి మూలకు చక్కగా ఒక గీత. నా కళ్లు చెమర్చాయి, ఘాటు వల్ల కాదు.

సేటు కొడుకు భుజం మీదుగా వంగి కాగితం చూశాడు. ఇంగ్లీషు రాదు గానీ, వరుసలు లెక్కపెట్టడం వచ్చు. వేలు పెట్టి పైనుంచి కిందికి లెక్కపెట్టాడు.

“పది సంచులు తెచ్చిన. తొమ్మిదే ఉన్నయేంది?”

“ఏడోది వదిలేసిన బాపూ. దాని తూకం సరిగ్గ రాలే.”

తూచింది నేను. మళ్లీ నా పని మీదికే! నాకు ఆగలేదు. “తూకం సక్కగనే ఉన్నది సార్. రెండుసార్లు తూచిన. కావాలంటే ఇంకోపారి తూస్త” అన్నాను. సార్ తల దించుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. నా నోరు నేనే కొట్టుకోవాలనిపించింది. సంచి సంచికీ దుకాణం వాళ్ల అంచనా ఒక గడిలో, మీటరు మాట ఒక గడిలో, ఓవెన్ లెక్క ఒక గడిలో ఉంది. ఆ పట్టిక అచ్చులోకి పోతుంది. తండ్రి పేరు కింద తప్పు రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

సేటుకు కూడా అర్థమైంది.

“నేను తడి దాస్తె రెండు నెలలు నీ పని ఆగింది. ఇప్పుడు నువ్వు నా తప్పు దాస్తానవు. ఇంకెన్ని నెలలు ఆగాలె?”

“బాపూ, దుకాణం పేరు ఉంటది దాంట్ల.”

“ఉండనియ్యి. రాయి. నేనేమన్ననో అది, మిషన్ ఏమన్నదో అది. దుకాణం పేరు సక్కగ రాయి.”

సార్ రాశాడు. తొమ్మిది వరుసల మధ్య జాగా లేక ఏడో వరుసను ఇరికించి రాశాడు. గ్రాఫులో చుక్క పెడితే అది గీత మీదే పడింది.

హెడ్డు గారి గదిలో ప్రొఫెసర్ కాగితాన్ని పైనుంచి కిందికి చూసి, ఆ ఇరికించిన వరుస మీద వేలు పెట్టి ఆగాడు. “మిగిలిన తొమ్మిదీ చూస్తే, ఈ పెద్దాయన చెవి ఉండగా మీ డబ్బా దేనికని అడిగేవాణ్ని. ఇది చూశాక అడగను. పని ఆపకండి” అన్నాడు. హెడ్డు గారు రుమాలు తీసి, గది ఉంచుకోమన్నాడు, ఓవెన్‌ను మాత్రం తోట చివరి షెడ్డులోకి మార్చమన్నాడు. ఆ షరతుకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ప్రొఫెసర్‌ను స్టేషన్‌లో దింపడానికి సార్ వెళ్లాడు. సేటును బస్సెక్కించే పని నాకు పడింది. మనసులో బాధ పడుతున్నాడేమో, ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. బస్టాపులో నిలబడ్డాక ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు.

“చూసినవా యాదగిరీ? వణుకుతాండు. గజగజ వణుకుతాండు. అయినా నా ముఖం మీదనే తడి అన్నడు.”

“చూసిన సేటూ.”

“నా ముందల గట్ల అన్నోడు గంజ్‌ల ఒక్కడు లేడు.”

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటులో ఎవరో రైతు, ఒళ్లో మూటతో ఉన్నాడు. బస్సు ఇంకా కదలకముందే సేటు ఆయన మోకాలి మీద తట్టడం నాకు కనిపించింది, ఆ గొంతు రోడ్డు మీదికి వినిపించింది.

“నలభై ఏండ్ల నుంచి కాయ చూస్తాన. ఇయ్యాల నా కొడుకు నా తప్పు పట్టిండు, తెలుసా?”